అటక మీద పెళ్లిచూపులు

ఆ రోజుల్లో మా తెనాలిలో ఇంట్లో ఒక ఫ్యాను ఉంటేనే గొప్ప. అలాంటిది మా ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఫ్యాను అటక మీద ఉండేది. కింద మనుషులం విసనకర్రలతో విసురుకుంటుంటే పైన పసుపు బస్తాలు కరెంటు గాలిలో హాయిగా పడుకునేవి. (మనిషికి ఉక్కపోస్తే చెమట పడుతుంది, పసుపుకి ఉక్కపోస్తే పురుగు పడుతుంది, చెమటైతే తుడుచుకోవచ్చు కదా అనేది నాన్నగారి వాదన.) మూతపడ్డ సినిమా హాల్లోంచి ఆయన పాత సామాను కింద కొనుక్కొచ్చి, అటక మీద వేడిగాలిని బయటికి లాగడానికని గోడకు కంత పెట్టించి బిగించిన ఆ ఫ్యానుని ఏటా ఎండాకాలానికి ముందు విప్పి, దుమ్ము దులిపి, కుట్టుమిషను నూనె వేసి మళ్లీ బిగించే పని నాది. ఫిజిక్సులో బి.ఎస్సీ. అయి, బాపట్లలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాక కూడా ఆ ఉద్యోగం నన్ను వదల్లేదు. నాలో చెప్పుకోదగ్గ గుణం మరొకటి కనపడక కాబోలు, పెళ్లి సంబంధాల వాళ్లు ఎవరొచ్చినా మా బాబాయి వాళ్లని నిచ్చెన ఎక్కించి ఆ ఫ్యానుని చూపించేవాడు. వాళ్లు దాన్ని మెచ్చుకుని, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. మళ్లీ కబురు వచ్చేది కాదు.

అట్లా ఉండగా రేపల్లె సంబంధం వచ్చింది. వాళ్లకీ పెనుమూడి వైపు లంకలో పసుపు సేద్యం ఉంది. అమ్మా నాన్నా ముందే వెళ్లి పిల్లని చూసి వచ్చారు. ఇక నేను చూడటమే తరువాయి అని, పెద్దరికానికి బాబాయినీ, బాబాయిని అదుపు చేయడానికి పిన్నినీ ఇచ్చి నన్ను రైలెక్కించారు. వాళ్ల ముందుగదిలో మమ్మల్ని కూచోబెట్టారు. పడక కుర్చీలో అమ్మాయి నాయనమ్మ గారున్నారు. ఆ ఇంట్లో ఆవిడ ఊ అంటే పెళ్లి, ఊహూ అంటే తిరుగు రైలు అని మాకు ముందే తెలుసు. అమ్మాయి వచ్చి పళ్లేలు మా ముందు పెట్టి, చాప మీద తల వంచుకు కూచుంది. నాకు నచ్చింది. నచ్చడమంటే మామూలుగా కాదు, మైసూరుపాకు నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాను. ఈ సంబంధం తప్పిపోతే ఇక బాపట్ల లాబొరేటరీలోనే సన్యాసం పుచ్చుకుందామని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నాను కూడా.

బాబాయి ఆనవాయితీ ప్రకారం, "పాటలేమైనా వచ్చామ్మా?" అని అడిగాడు. "కొద్దిగా వచ్చండి," అంది. వంట వచ్చా అంటే "వచ్చండి" అంది. అక్కడితో పిల్లని అడగాల్సినవి అయిపోయాయి. (నన్ను అంతకూడా అడగలేదు.) తర్వాత మాటలు ధరవరల మీదికీ, కాలవ నీళ్ల మీదికీ మళ్లి, అటు తిరిగి ఇటు తిరిగి పసుపు దగ్గరికి వచ్చాయి. అమ్మాయి నాన్నగారు నిట్టూర్చి, "మాకూ అటక మీద గోడ ఫ్యాను ఉందండి. ఈమధ్య మొరాయించింది. సరుకు చెమర్చిపోతందేమోనని బెంగగా ఉంది," అన్నారు. మా బాబాయికి అంతకంటే ఏం కావాలి?

"మావాడుండగా మీకు బెంగేంటండి? ఫ్యానులంటే వాడికి వెన్నతో పెట్టిన విద్య. ఎక్కరా అబ్బాయ్."

"సిల్కు చొక్కా బాబాయ్," అన్నాను మెల్లిగా.

"చొక్కాదేముందిరా, ఉతికితే పోద్ది," అన్నాడు. ఆ మాటకి అమ్మాయి తలెత్తి నా వంక చూసింది. ఆ చూపుకి నేను అటకేం ఖర్మ, కరెంటు స్తంభమైనా ఎక్కేవాణ్ణే.

పైకెక్కి చూస్తే ఫ్యాను రెక్కలు కనపడనంతగా పసుపు దుమ్ము పట్టి ఉంది. మహా నిపుణుడిలా విప్పాను, దులిపాను, నూనె వేశాను. చట్రం గుండ్రంగా, రెండు వైపులా ఒకేలా ఉంది. మా ఇంట్లో రెక్కలు గదివైపూ మోటారు బయటివైపూ ఉంటాయి. చేయి అలవాటున అలాగే పెట్టి బోల్టులు బిగించేశాను. ఇక్కడిది వేరే రకమనీ, విప్పేటప్పుడు ఏది ఎటువైపు ఉందో చూసుకోవాలనీ కాలేజీ పిల్లలకైతే చెప్పేవాణ్ణే. "స్విచ్చి వేయండీ," అని పైనుంచి కేకేశాను. ఆ కేకలో ఎంత దర్పం ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. కాకపోతే లోపలి గాలిని బయటికి తోయవలసింది, బయటి గాలిని లోపలికి తోసింది. ఆ అటక చెక్కపలకలది. పలకల మధ్య సందులు. ఎన్నేళ్ల నుంచో పేరుకున్న పసుపంతా ఒక్కసారిగా లేచి, ఆ సందుల్లోంచీ నిచ్చెన కంతలోంచీ ముందుగదిలోకి దిగింది. కింద ఒకటే దగ్గు, తుమ్ములు. ఎవరో స్విచ్చి తీశారు. నేను కంతలోంచి తల వంచి చూస్తే అమ్మాయి నాన్నగారి మల్లెపువ్వులాంటి పంచె, బాబాయి బట్టతల, పిన్ని పట్టుచీర, పళ్లెంలో మైసూరుపాకు, అన్నీ ఒకే రంగులో ఉన్నాయి.

బాబాయి గొప్పవాడు. తుమ్ము ఆపుకుని, "పసుపు పడిందంటే శుభమేనండి," అన్నాడు.

"శుభం నా కంట్లో పడింది నాయనా," అంది నాయనమ్మ గారు.

నా పని అయిపోయిందనుకున్నాను. సంబంధం ఎలాగూ పోయింది, మొహం ఎవరికీ చూపించకుండా గోడ కంతలోంచి దూకి స్టేషనుకి పోయే దారుందేమో అని కూడా చూశాను. ఈలోగా అందరూ కళ్లు కడుక్కోవడానికి నూతి దగ్గరికి పరుగెత్తారు. నాయనమ్మ గారు ఒక కన్ను మూసుకునే ఆజ్ఞలు జారీ చేశారు. "అబ్బాయీ, పెళ్లి సంగతి తర్వాత. ముందా ఫ్యాను సరిచేసి మరీ దిగు. ఏమే, నీ కళ్లొక్కటే బాగున్నట్టున్నాయి, టార్చి తీసుకుని నిచ్చెనెక్కి లైటు పట్టు."

అమ్మాయి నిచ్చెన ఎక్కి, కంతలోంచి నడుము దాకా పైకి వచ్చి టార్చి వేసింది. జుట్టంతా పసుపే గానీ మొహం మటుకు శుభ్రంగా ఉంది. నేను బోల్టులు విప్పుతూ, ఏదో ఒకటి మాట్లాడాలి గనక, "మీ కళ్లలో పడలేదాండి?" అన్నాను.

"పమిట అడ్డం పెట్టుకున్నానండి. మీరు స్విచ్చి వేయమనకముందే."

"ముందే ఎలా తెలిసింది?"

"నేను కూచున్న చోటికి ఈ కంతలోంచి కనిపిస్తానే ఉందిగా. తిరగేసి పెడతన్నారు."

"మరి చెప్పలేదేంటండి?"

"అడిగిందానికే జవాబు చెప్పమన్నారండి ఇంట్లో. పాటలొచ్చా అనడిగారు, చెప్పాను. వంటొచ్చా అన్నారు, చెప్పాను. ఫ్యాను సంగతి నన్నెవరూ అడగలేదు." ఆగి, గొంతు తగ్గించి, "అసలు దీన్ని తుడిచేది నేనేనండి. చేతులు నల్లబడతాయని, మీరొచ్చి చూసెళ్లేదాకా అటక ఎక్కొద్దన్నారు. అందుకే ఆగిపోయింది," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం ఆ పసుపులో నోళ్లు మూసుకుని నవ్వుకున్నాం. పెళ్లిచూపుల్లో పిల్లా పిల్లవాడూ ఇన్ని మాటలాడుకోవడం మా రెండు వంశాల్లోనూ అప్పటిదాకా జరిగి ఉండదు. ఇంతకంటే మంచి సమయం రాదు, నేను నచ్చానో లేదో అడిగేయాలి అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. ఎంతో ధైర్యం చేసి, "ఇప్పుడు సరిగ్గానే ఉందాండి?" అని ఫ్యాను సంగతి అడిగాను. "ఆఁ, ఉంది," అంది. గబగబా ఆఖరి బోల్టు బిగించేశాను. ఆవిడ టార్చి ఆర్పి దిగిపోయింది.

కింద స్విచ్చి వేశారు. గాలి పద్ధతిగా బయటికే పోయింది. ఎవరూ మెచ్చుకోలేదు. మేము చెప్పులు వేసుకుంటుండగా నాయనమ్మ గారు ఎర్రబడ్డ కళ్లతో నన్ను ఎగాదిగా చూసి, మనవరాలి వైపు తిరిగి, "ఏమే, నువ్వేమంటావ్?" అన్నారు. ఆ ప్రశ్నకి ఇంట్లో వాళ్లే బిత్తరపోయారు. నేను గుమ్మం పట్టుకున్నాను.

అమ్మాయి ఈసారి తల వంచుకోలేదు. "నాకు ఇష్టమే నాయనమ్మా," అంది.

తెనాలి వచ్చేదాకా బాబాయి రైల్లో అందరికీ అది పసుపు మహిమేనని చెబుతూనే ఉన్నాడు. నేను కిటికీ దగ్గర కూచుని ఊరికే నవ్వుకుంటున్నాను. ఆవిడా నేనూ కాపురం మొదలుపెట్టి ఏళ్లు గడిచిపోయాయి, చెప్పుకున్న మాటలకి లెక్కలేదు. అయినా మొహమంతా పసుపుతో అటక మీద గొంతుక్కూచున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే, వాడి భుజం మీద చేయి వేసి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. ఆ ఆఖరి బోల్టు దగ్గర అంత తొందరేంటిరా, కాసేపు ఊరికే తిప్పుతూ కూచోలేకపోయావా అని.