పింగు మాస్టారు మా గడప తొక్కిన రోజు

మా ఇంటర్నెట్ ఆఫీసులో ఇళ్ళకు వెళ్ళి లైన్లు బాగుచేసేవాళ్ళం ఏడుగురం. ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది మాత్రం ‘పింగు మాస్టారినే పంపండి’ అంటారు. ఆయన నాకంటే రెండేళ్ళు వెనక చేరాడు. ఆ పేరు పెట్టింది ఆన్‌లైన్‌లో ఆటలాడే పిల్లలు. నాకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. దాచుకోవడమెందుకు, ఆయన మాటెత్తితేనే నాకు కడుపుమంట.

ఆయన పనిచేసే తీరు చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. నేనైతే లోపల అడుగుపెడుతూనే సంచి విప్పి, రూటరు పక్కన నిలబడి, ఫోన్లో స్పీడు చూపించి, ‘వంద వస్తోంది, ఇంకేం కావాలి?’ అని పది నిమిషాల్లో బయటపడతాను. ఆయన సంచి విప్పడు. ఆట ఆగి ఆగి నడుస్తోందని, ల్యాగ్ ల్యాగ్ అని మొత్తుకునే పిల్లవాడి పక్కన కుర్చీ లాక్కుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ‘ఆడు బాబూ, చూస్తాను’ అంటాడు. ఆటలు చూడ్డానికా జీతమిస్తున్నది అని నేను మేనేజరుతో రెండుసార్లు అన్నాను. మేనేజరు నవ్వి ఊరుకున్నాడు.

అలాంటివాణ్ణి మా అమ్మాయి మా ఇంటికే పిలిచింది.

అమ్మాయికి పదహారేళ్ళు. ఇంకో నలుగురు ఆడపిల్లలతో జట్టు కట్టి తుపాకుల ఆట ఆడుతుంది. నెల రోజులుగా సరిగ్గా కాల్చాల్సిన సమయానికి తెర బిగుసుకుపోతోంది. తను మీట నొక్కుతుంది, తూటా అర సెకను ఆలస్యంగా బయల్దేరుతుంది, ఈలోగా అవతలివాళ్ళు తనను లేపేస్తారు. ఆదివారం నాలుగింటికి పోటీ. ఈసారీ ఇలాగే ఉంటే తన చోటు ఇంకో పిల్లకు ఇస్తామని జట్టు చెప్పేసింది. నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ వంద వచ్చింది. “లైను బాగానే ఉంది, లోపం నీ ఆటలోనే ఉంది,” అన్నాను. అలా అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శనివారం పొద్దున చెప్పింది. “నాన్నా, ఏమనుకోకు. మా జట్టులో నలుగురి ఇళ్ళల్లోనూ ఆయనే బాగుచేశాడు. రేపు రమ్మన్నాను.”

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, సరే. కానీ పక్కవాడి చెట్టును తెచ్చి నా పెరట్లోనే నాటితే ఎలా? నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం పది గంటలకు వచ్చాడు. నన్ను చూసి, “నువ్వుండగా నేనెందుకన్నా?” అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టుంది. మా ఆవిడ ఆయనకు మంచి కప్పులో టీ ఇచ్చింది. పెళ్ళయ్యాక ఆ కప్పు బయటికి రావడం నేను చూసింది అది మూడోసారి.

ఆయన అమ్మాయి పక్కన కూర్చుని ఆట చూశాడు. ఎప్పుడెప్పుడు ఆగిపోతోందో అడిగాడు. తర్వాత హాల్లో ఉన్న మా రూటరుకు పింగు కొట్టమన్నాడు. అంటే కంప్యూటరు నుంచి దాన్ని పిలిచి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం. తెర మీద మిల్లీసెకన్ల లెక్కన అంకెలు పడ్డాయి. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, నాలుగు వందలు. ఆ తర్వాత జవాబే లేదు.

“చూశావా తల్లీ, పక్క గదిలో ఉన్న పెట్టే పిలిస్తే పలకట్లేదు. ఇంక బయటివాళ్ళనేం అంటాం?”

అమ్మాయి ఆయన వైపు చూసిన చూపు నా కళ్ళబడింది. చిన్నప్పుడు నేను సైకిలు చైను ఎక్కించి ఇస్తే నన్ను అలా చూసేది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన రూటరు నుంచి గదిలోకి వచ్చే తీగను వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి తలుపు దగ్గర ఆగాడు. అక్కడో అతుకు. మీటరు దూరంలో ఇంకో అతుకు. ఎవరెవరి ఇళ్ళల్లోనో మిగిలిన మూడు ముక్కలు తెచ్చి, పోగులు చేత్తో మెలేసి, టేపు చుట్టింది నేనే. ఇంకొకరి ఇంట్లో అలాంటి పని చూస్తే చేసినవాణ్ణి బండబూతులు తిట్టేవాణ్ణి. తలుపు వేసినప్పుడల్లా ఆ అతుకు నలిగిపోతోంది.

“ఇదెవరు వేశారమ్మా?” అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

“మేం ఈ ఇంట్లోకి రాకముందు నుంచే ఉందండీ,” అంది అమ్మాయి, రెప్ప వేయకుండా. “నాన్న అప్పుడే మార్చేస్తానన్నాడు. నాకే గది ఖాళీ చేయడానికి బద్ధకమేసి వద్దన్నాను.”

ఆయన పాత తీగ పీకేశాడు. కొత్త తీగ ఒకే ముక్కగా లాగాడు. మళ్ళీ పింగు కొడితే ఒకటి, ఒకటి, ఒకటి. అమ్మాయి ఒక ఆట ఆడి చూపించగానే జట్టు నుంచి మెసేజ్ వచ్చింది, నాలుగింటికి నువ్వే ఆడాలని.

ఆయన్ను సాగనంపడానికి కిందికి దిగాను. మెట్ల మీద అన్నాడు:

“టేపు చివర అలా మడత పెట్టేది మన ఆఫీసులో నువ్వొక్కడివేగా అన్నా.”

“అవును.”

“పాపకు తెలుసా?”

“తెలుసు. నేను చుడుతుంటే టార్చి పట్టుకుంది తనే.”

బండి దగ్గర ఆయన హెల్మెట్ పెట్టుకోబోయి ఆగాడు. “పిల్లలందరూ నన్ను మాస్టారంటారు. మావాడు మాత్రం స్నేహితులొస్తే నన్ను వంటగదిలోంచి రావద్దంటాడు,” అన్నాడు.

తలెత్తి మా కిటికీ వైపు కాసేపు చూశాడు. అది ఎలాంటి చూపో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆరేళ్ళుగా నేను ఆయన్ను చూస్తున్నది ఆ కళ్ళతోనే.