నాపబండ మీద ఐసుముక్క

నా చిన్నప్పుడు ఫిజిక్సు ప్రయోగం ఉందంటే చాలు, ఆ రోజు పొద్దున్నుంచే బడి ఎగ్గొట్టడానికి సాకులు వెతికేదాన్ని. జమ్మలమడుగులో ఆడపిల్లల హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ప్రయోగమంటే ఫస్టు ర్యాంకు అమ్మాయి బల్ల దగ్గర చేస్తుంది, మిగతావాళ్లం వెనక నిలబడి మెడలు చాచి చూస్తాం, ఆమెకు వచ్చిన జవాబే రాసుకుంటాం. నన్ను అడిగితే తప్పు చెబుతానేమో, అందరూ నవ్వుతారేమోనని నా భయం. పదో తరగతి అయ్యాక సైన్సు జోలికి పోనని ఇంట్లో చెప్పేశాను కూడా.

ఆ ఏడాదే వచ్చిన మా సైన్సు మేడమ్‌ది పులివెందుల. ఒకరోజు ఫ్లాస్కులో ఐసుముక్కలు తెచ్చారు. గదిలో ఎప్పటినుంచో మూలన పడి ఉన్న నాపబండ ముక్కనూ, విరిగిన బెంచీ చెక్కనూ బల్ల మీద పెట్టి మా చేత తాకించారు. బండ చల్లగా ఉంది, చెక్క అంత చల్లగా లేదు. ఐసు దేని మీద ఎక్కువసేపు ఉంటుందని అడిగారు. ఫస్టు ర్యాంకు అమ్మాయితో సహా అందరూ బండ అన్నారు. నేను తల వంచుకున్నాను.

"ఏం పాపా, ఐసుముక్క నోట్లో పెట్టుకున్నావా? నువ్వేమనుకుంటాండావు?"

"బండ మీదే మేడమ్. ఎండాకాలం మేమంతా బండల మీదే కదా పండుకునేది. శానా సల్లగుంటాది."

ఐసు పెట్టారు. మేము చూస్తుండగానే బండ మీది ముక్క నీళ్లై జారిపోయింది. చెక్క మీది ముక్క ఇంకా గట్టిగా కూర్చునే ఉంది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఒప్పు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

"అందరూ తప్పే. అట్ల ఎందుకనుకున్నామో చెప్పింది మాత్రం ఈ పాపొకతే. రామ్మా, ఈసారి సామాను నీది," అన్నారు మేడమ్.

మొదటిసారి థర్మామీటరు నా చేతికొచ్చింది. ఐసు తగలని చోట బండకు ఆనించాను, చెక్కకు ఆనించాను. రెండూ ఒకే వేడి చూపించాయి. నమ్మలేక మళ్లీ పెట్టాను. మేడమ్ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డారు. చాలాసేపటికి నాకే తోచింది. బండ చల్లటిది కాదు, నా చేతిలో వేడిని గబగబా లాక్కుంటోంది, అంతే. ఐసుకైతే తన వేడిని అంతే తొందరగా ఇచ్చేస్తోంది. ఆ మాట గొణిగితే, "అందరికీ ఇనపడేటట్ల చెప్పు," అన్నారు. చెప్పాను. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నాను.

ఇప్పుడు మా పాప ఏది అడిగినా "తప్పయితే?" అంటుంది. ఒప్పు జవాబు నా నాలుక చివరికి వచ్చేస్తుంది. ఈ పిల్ల వెనకబడిపోతుందేమోనని భయమేస్తుంది. అయినా నోరు మూసుకుని, నీకేమనిపిస్తోంది, ఎందుకట్లా అనిపిస్తోంది అని అడిగి, తను చెప్పేదాకా పక్కనే కూర్చుంటాను.