పాల ట్యాంకులో ఆర్గాన్

నా చివరి పోస్టింగు నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు డెయిరీ చిల్లింగ్ సెంటర్లో, మెయింటెనెన్స్ ఇన్‌చార్జిగా. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఏప్రిల్ నెలలో, పదివేల లీటర్ల పాల ట్యాంకు అడుగున జానెడు పొడవున పగులు కనిపించింది. పాలు బయటికి పోయే గొట్టానికి పక్కనే. ట్యాంకు లోపలంతా స్టెయిన్‌లెస్ స్టీలు.

స్టెయిన్‌లెస్ స్టీలును మామూలు ఇనుములా అతికిస్తే కుదరదు. కాగిన లోహానికి గాలి తగిలితే అతుకు నల్లబడి గరుకు తేలుతుంది. ఆ గరుకులో పాలు నిలిచి పులుస్తాయి, ఎంత కడిగినా పోవు. అందుకే వెల్డింగు టార్చి మొన నుంచి ఆర్గాన్ అనే వాయువు వదులుతూ, గాలిని పక్కకు నెట్టి అతుకు వేస్తారు. వెండిలా తెల్లగా వస్తే పాసు. నల్లబడితే నేను మార్కరుతో అడ్డగీత కొట్టేవాణ్ణి. ఆ అడ్డగీతకు సెంటర్లో అందరూ భయపడేవారు. నిజం చెప్పాలంటే అది నాకు నచ్చేది.

పని నకరికల్లు సైదులుకు అప్పగించాను. ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డు అతనిది. స్టెయిన్‌లెస్ మీదా బాగా చెయ్యి తిరిగినవాడు. తోడుగా బామ్మర్ది కోటయ్యను తెచ్చుకున్నాడు. ట్యాంకులోకి దారి ముందువైపున్న గుండ్రటి మ్యాన్‌హోల్ ఒక్కటే. మనిషి లోపలుంటే బ్లోయరుతో గాలి కొట్టిస్తూ ఉండాలి, బయట ఒకరు కాపలా ఉండాలి. పర్మిట్ కాగితంలో రెండింటికీ టిక్కు పెట్టి సంతకం చేసింది నేనే.

మొదటి అతుకు నల్లబడింది. గీత కొట్టాను. గ్రైండింగు చేసి మళ్లీ వేశాడు, అదీ నల్లబడింది. ఈసారీ ఇంతే అయితే గుంటూరు నుంచి మనిషిని పిలిపిస్తానని పదిమంది ముందూ అనేశాను. సైదులు ముఖం మాడిపోయింది.

"బ్లోయరు గాలికి గ్యాసు నిలవట్లా సార్. అందుకే మచ్చొస్తంది. ఈసారి చూడండి," అని లోపలికి దూరాడు. గ్యాసును ఎలా నిలుపుతావని నేను అడగలేదు.

గంట తర్వాత ఆఫీసు గదిలో కూర్చుని ఉండగా ఏదో తేడా తోచింది. బ్లోయరు మోత లేదు. కరెంటు పోయిందనుకున్నాను. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. పరుగెత్తాను.

కోటయ్య మ్యాన్‌హోల్లో తల పెట్టి "బావా, ఓ బావా" అని కేకలేస్తున్నాడు. సైదులే అతని చేత బ్లోయరు ఆపించాడట. గాలి రాకుండా అడుగు గొట్టంలో తడి గోనె కూడా కుక్కాడట. ఆర్గానుకు రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు. తొట్టిలో నీళ్లలా అడుగునుంచి నిండుతుంది. పీల్చినవాడికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఉన్నట్టుండి పడిపోతాడు. సైదులు కాళ్లు మ్యాన్‌హోల్ వైపు పెట్టి పక్కకు ఒరిగి ఉన్నాడు. పక్కన టార్చి ఇంకా గ్యాసు చిమ్ముతూనే ఉంది.

కోటయ్య సగం లోపలికి దిగాడు. నడుం బెల్టు పట్టి వెనక్కి లాగాను.

"వదులయ్యా నన్ను! మా బావ చస్తంటే ఆపుతావేంది?" అని మోచేత్తో రొమ్ము మీద పొడిచాడు. వదల్లేదు. దిగితే నిమిషంలో అతనూ పక్కనే పడతాడని నాకు తెలుసు. కళ్లెదుట పడి ఉన్న మనిషిని అలా వదిలేసి, ఇంకో మనిషిని ఆపి పట్టుకోవడం ఎంత భయంకరమో ఆ రోజు తెలిసింది.

గ్యాసు సిలిండరు కట్టేసి గోనె పీకమని అరిచాను. కోటయ్య తిడుతూనే ఆ పని చేశాడు. నేను బ్లోయరు వేసి, కంప్రెసరు గాలి గొట్టాన్ని నేల తుడిచే పొడవాటి వైపరు కర్రకు కట్టించి, సైదులు ముఖం దాకా తోశాను. వాచీ చూసుకునే ధైర్యం లేదు. కాసేపటికి కాళ్లు చిన్నగా కదిలి, మ్యాన్‌హోల్ అంచు దగ్గరికి జరిగాయి. కోటయ్య ఊపిరి బిగబట్టి, తల బయటే ఉంచి చేతులు చాపి, రెండు మడమలూ దొరకబుచ్చుకున్నాడు. అందరం కలిసి లాగాం.

వరండాలో పడుకోబెట్టాక వాంతి చేసుకుని కళ్లు తెరిచాడు. అంబులెన్సు ఎక్కిస్తుంటే నన్ను గుర్తుపట్టాడు.

"ఈసారి తెల్లగా వచ్చిందా సార్?" అన్నాడు.

కోటయ్య నా వైపు చూశాడు.

నాలుగో రోజుకు సైదులు ఇంటికొచ్చాడు. నా బెదిరింపుతో సహా జరిగిందంతా రిపోర్టులో రాశాను, మెమో అందుకున్నాను. నెల తర్వాత ఆ అతుకు మళ్లీ సైదులే వేశాడు. బ్లోయరు ఆపలేదు. గాలికి అడ్డంగా చిన్న రేకు పెట్టుకున్నాడు, అతుకు తెల్లగా వచ్చింది. ఆ రేకు సంగతి నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు. గుంటూరు మనిషి పేరెత్తిన నోటితో ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది.