నా గాజుతొట్టిలో కొరమీను

నా చేపలన్నిటినీ కొరమీనుకు మేతగా వేసినవాడు నా భార్య తమ్ముడు. తెలిసే వేశాడు. పైగా, ఏ చేప పక్కన ఏ చేప ఉండాలో తెలియక నేనే వాటిని చంపుకున్నానని ఊరూరా చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ నాకు లేదు.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లులో గుమాస్తాను. పటాలు కట్టే అతనిచేత రేకు చట్రంలో అద్దాలు బిగింపించి, సందులకు లప్పం పెట్టించి ఒక తొట్టి చేయించుకున్నాను. చిన్న ట్రంకుపెట్టెకన్నా పెద్దదేమీ కాదు. చేపలు మద్రాసులో దొరికేవి. మూతికి గుడ్డ కట్టిన డబ్బాలో తెచ్చి, ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సులో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకొని వచ్చేవాణ్ణి.

ఏవి కలిసి బతుకుతాయో నాకెవరూ నేర్పలేదు. నేర్పేవాడు ఆ ఊళ్ళోనే లేడు. తొట్టి ముందు కూర్చొని చూసి నేర్చుకున్నాను. చిన్న తొట్టికి చేపను తెచ్చేటప్పుడు రంగు తరవాత చూడాలి, ముందు నోరు చూడాలి. ఒకదాని నోట్లో పట్టేంత చేప ఇంకొకటి ఆ తొట్టిలో ఉండకూడదు. బంగారు చేప ముద్దుగానే ఉంటుంది గానీ నీళ్ళను తొందరగా పాడుచేస్తుంది. ఏంజెల్ చేప పిల్లగా ఉన్నన్నాళ్ళు సాధువు, పెరిగాక గప్పీల్లాంటి చిన్న చేపలను మింగుతుంది. తోకలు కొరికే జాతిని పొడుగు తోకలవాటితో కలపకూడదు. ఇట్లా ఒక్కొక్కదాన్నీ ఏరి, పైపైన తిరిగే గప్పీలు, నడుమ తిరిగే ప్లాటీలు, ఎవరి జోలికీ పోని గౌరామీల జంట, ఇవే ఉంచుకున్నాను. మా బావి ఉప్పునీళ్ళు కూడా వాటికి సరిపోయాయి. మిల్లు నుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా వాటి ముందు కూర్చునేవాణ్ణి.

అట్లాంటి ఇంటికి మా బామ్మర్ది జమ్మలమడుగు నుంచి ఒక చెంబు పట్టుకొని వచ్చాడు.

"ఏందిరా అది?" అన్నాను.

"చేప బావా. పెన్నలో దొరికినాది. ఆ ఎర్రచార సూడు, ఎంత బాగుండాదో. నీ మద్రాసు చేపలు దీని ముందర దండగ."

"నోరు శానా పెద్దగుండాది గదరా. ఏం తింటాది?"

"నీ మాదిరే బావా. పెట్టింది తింటాది. పెట్టకుంటే అరుస్తాది."

నాకు ఆ నోరు నచ్చలేదు. వేరే బేసినులో పెడతానన్నాను. లోపలి నుంచి మా అమ్మ వచ్చింది.

"కోడలి పుట్టింటోళ్ళు తెచ్చింది వేరే పెడ్తావా? అరటిపండు తెచ్చినా మన పండ్లల్లో కలుపుతామే గానీ పక్కన పెడ్తామా? ఆ పిల్ల ఏమనుకుంటాది?"

నా భార్య కొడుకును చంకనెత్తుకొని గడపలోకి వచ్చి నిలబడింది. చెంబును తొట్టిలో వంచాను.

ఆ తరవాత గప్పీలు తగ్గుతూ పోయాయి. చచ్చి తేలినవి ఒక్కటీ లేదు. పిల్లి అనుకొని తొట్టి మీద పలక కప్పాను. ప్లాటీలూ పోయాయి. ఒక పొద్దున చూస్తే మిగిలిన గౌరామీ తోక ఆ నోట్లోంచి బయటికి కనిపించింది. కొన్నాళ్ళకు దాని ఎర్రచార పోయి ఒళ్ళు నల్లబడింది. చూస్తే, సంతలో అమ్మే కొరమీనే! పెద్ద కొరమీనును ఎవరైనా గుర్తుపడతారు. పిల్లప్పుడు అది ఎర్రగా ఉంటుందని నాకు తెలియదు. పెన్న గట్టున గాలం వేస్తూ పెరిగినవాడికి తెలియదా?

జమ్మలమడుగు పోయి, వాళ్ళ బంధువులందరూ కూర్చొనుండగానే అడిగాను.

"నాకేం తెల్సు బావా! చేపల పండితుడివి నువ్వు. ఏది దేంతో కలుస్తాదో చూసుకోని ఏసుకోవల్ల" అన్నాడు. అందరూ నవ్వారు. మా అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కొరమీనును నేను వండించలేదు, నదిలో వదలలేదు. బతికున్నన్నాళ్ళు ఆ తొట్టిలో ఒంటరిగా సాకి, ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చూపించి, తెచ్చినవాడెవడో చెప్పాను. వాడు వస్తే పలకరించడం మానేశాను.

నాకు కావలసింది ఒక్కటే, తెలిసే తెచ్చానని వాడి నోటితో వాడు ఒప్పుకోవడం. ఆంధ్రప్రదేశ్ వచ్చిన తరవాత వాడి పెళ్ళిలో ఆ అవకాశం దొరికింది. పెళ్ళి పులివెందులలో, ఆడపిల్లవాళ్ళ ఇంట్లో. భోజనాల పంక్తిలో పెళ్ళికొడుకు పక్కన నేను. పెళ్ళికొడుకు ఇంటి అల్లుణ్ణి నేను కాబట్టి, నేను ముద్ద ఎత్తందే పంక్తిలో ఎవరూ ఎత్తరు. నేను చేతులు కట్టుకొని కూర్చున్నాను.

"తిను బావా, అందరూ నీ పక్కే సూస్తాండారు" అన్నాడు.

"సూడనీ. ఆ కొరమీను తెలిసి తెచ్చినావా, తెలీక తెచ్చినావా? అది చెప్పు."

"ఇప్పుడా బావా! పప్పు సల్లారిపోతాది."

"పోనీ."

ఆడపిల్ల తండ్రి పరుగున వచ్చాడు. "ఏమప్పా, మా మర్యాదలో ఏం తక్కువైనాది?"

"నీ మర్యాద బాగుండాది మామా. మీ అల్లుడు ఒక మాట చెప్పల్ల, అంతే."

పంక్తి అంతా మావైపు తిరిగింది. వాడి నుదుటి బాసికం కిందినుంచి చెమట కారుతోంది. నేను కదల్లేదు. చివరికి వాడు నావైపు తిరిగి, దాచుకోకుండా అందరికీ వినపడేటట్లే చెప్పాడు:

"తెలిసే తెచ్చినా బావా. నీ కొడుక్కు పేరు పెట్టిననాడు, మేనమామను, ఇస్తరి ముందర కూచ్చోనుంటే నన్ను లేపి, మీ మిల్లు మేనేజరును కూచ్చోబెట్టినావే! ఆపొద్దు నేను ఆకలితోనే జమ్మలమడుగు బస్సెక్కినా. ఇన్నేండ్లూ చేపల్ని గురించే అడుగుతాండావు గానీ, నేను ఆపొద్దు తిన్న్యానా లేదా అని ఒక్కతూరన్నా అడిగినావా?"