ఓళిగా, ఎడమచేయీ, ఎమ్మిగనూరు సంబంధం

ఎమ్మిగనూరులో ఒక మధ్యాహ్నం పెద్దమనుషులైన పత్తి వర్తకులు కొందరు చొక్కాల మీద నెయ్యి కారుతుండగా, మీసాలకు పూర్ణం పూసుకుని, ఏడవలేక నవ్వుతూ కూచున్నారు. ఆ ఘోరానికి కారణం నేనే. ఎలా జరిగిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం భూమి చీలితే అందులో దూరుదామని బల్ల కిందికి చూశాను. గచ్చు చాలా గట్టిగా ఉంది.

నేను పుట్టుకతో పుర్రచేతి వాణ్ణి. అంటే ఎడమచేతి వాటం. రాతా, కోతా, గాలిపటం దారం లాగడం అన్నీ ఆ చేత్తోనే. ఇదంతా లోకం క్షమించింది గానీ, అన్నం దగ్గర ఎవరు క్షమిస్తారు? మా అమ్మ చిన్నప్పుడు తువాలుతో నా ఎడమచేతిని నడుముకు కట్టేసి మరీ అన్నం పెట్టేది. అట్లా కుడిచేత్తో తినడం నేర్చుకున్నాను. సగం నోట్లోకి, సగం ఒళ్లోకి. అమ్మ చూడనప్పుడు ఎడమచేయి తన పని తాను చూసుకునేది. కుడిచేయి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. మా ఇంట్లో ఎడమచేయి తినే తిండి కుడిచేతికి తెలియకుండా గడిచిపోయింది.

దీనికి తోడు నాకు పగటి కలల జబ్బు. పందొమ్మిది వందల యాభైల్లో, పత్తి దిగే కాలంలో, మా ఆదోని గాలి నిండా దూది పింజలు తేలుతుండేవి. ఎండలో మెరుస్తూ, ఎక్కడా తొందర లేకుండా పోతుండేవి. వాటి వెంట చూస్తూ నేను పత్తి బేరాలు పోగొట్టిన రోజులు చాలానే ఉన్నాయి. ఒకసారి చుట్టాల పెళ్లిలో అటువంటి పింజ ఒకటి ఒక అమ్మాయి జడ మీద వాలింది. ఆమెకు తెలియదు. అది జారుతుందా, ఉంటుందా అని చూస్తూ నేను తాళి కట్టిన సంగతి కూడా గమనించలేదు. ఆ అమ్మాయి ఎమ్మిగనూరు పత్తి వ్యాపారి కూతురు పద్మావతి. చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని ఇంట్లో చెప్పేశాను.

వాళ్లు పెళ్లిచూపులకు రమ్మన్నారు. కానీ వాళ్ల చేతిలో తుగ్గలి సంబంధం కూడా ఉంది. ఆ పిల్లవాడు బుద్ధిగా కుడిచేత్తో తింటాడు.

"నాయనా, ఆ యమ్మి వాళ్ల అవ్వకు ఆచారం జాస్తి. నీ పుర్రచెయ్యి లేసిందా, పిల్ల తుగ్గలికి పోతాది, నువ్వు ఇంటికొస్తావు," అంది అమ్మ.

"లేవదులేమ్మా. దాని మీదే కూసుంటా," అన్నాను.

బస్సులో దారి పొడవునా చేలల్లో పత్తి విచ్చుకుని ఉంది. ఎమ్మిగనూరు వచ్చేలోపల నేను పద్మావతిని పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, వాళ్లకు అక్షరాభ్యాసం కూడా చేయించాను. మా నాయన కుదిపి లేపి దింపాడు.

ఇక్కడ మా నాయన చేసిన ఒక ఘనకార్యం చెప్పాలి. నేనొకసారి పత్తి నమూనాలు ఇవ్వడానికి మిల్లు మేనేజరు బంగళాకు పోయి, ఆయన చాకూ, ముళ్ల చెంచాతో భోంచేయడం కిటికీలోంచి చూసి వచ్చాను. మా నాయన దాన్ని సాగదీసి, "మావోడు మేనేజరు దొరతో కూసోని టేబులు మీద తింటాడు" అని ఎమ్మిగనూరు దాకా చెప్పించాడు. అందుకని పద్మావతి మేనమామ, బొంబాయికి పత్తి పంపే ఆయన, నా మర్యాద కోసం బల్లా, కుర్చీలూ వేయించి, పళ్లెం పక్కన చాకులూ, ముళ్ల చెంచాలూ పెట్టించాడు.

చూడగానే నాకు మేనేజరు గుర్తొచ్చాడు. ఆయన ముళ్ల చెంచా పట్టింది ఏ చేత్తో? ఎడమచేత్తో! ఇన్నేళ్లూ తువాలు కట్టించుకున్న నా చేతికి ఇంత గౌరవం రాసిపెట్టి ఉందని నాకేం తెలుసు? చెంచా అందుకున్నాను. తాలింపు పెట్టిన మరమరాల ఉగ్గాని ఒక్క బొరుగు జారకుండా నోట్లోకి పోయింది. బజ్జీ పోయింది.

"చూడు బావా, అచ్చం దొర మాదిరి తింటాండాడు!" అన్నాడు మేనమామ.

మా నాయన మీసం దువ్వుకున్నాడు. గడప పక్కన చాప మీద కూచున్న అవ్వ మాత్రం ఊరికే చూస్తూ ఉంది.

అప్పుడు పద్మావతి నేతి గిన్నెతో వచ్చి నా పళ్లెంలో ఓళిగ మీద, అదే బొబ్బట్టు మీద, నెయ్యి పోసింది. వంగినప్పుడు జడ ముందుకు జారింది. దాని మీద మళ్లీ ఒక దూది పింజ! అంతే, నేను ఎమ్మిగనూరులో లేను. ఎక్కడో తేలిపోతున్నాను. ముళ్ల చెంచా కింద పెట్టేసి, వట్టి ఎడమచేత్తో ఓళిగ తుంచి, నేతిలో అద్ది, కమ్మగా నోట్లో పెట్టుకున్నాను.

"శివశివా! ఎడమచేత్తో!" అన్నారెవరో.

నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. మా నాయన మాత్రం తడబడలేదు.

"అదే పద్ధతి! ముళ్ల చెంచా యా చేత్తో పడితే, చెంచా కింద పెట్టినాంక ఆ చేత్తోనే ముగించల్ల. మీకు తెలీదాప్పా?"

బొంబాయి చూసిన మేనమామ తెలియదని ఎట్లా అంటాడు? "తెలీకేమి! బొంబాయిలో అందరూ ఇట్లే," అని ఎడమచేత్తో ఓళిగ ఎత్తాడు. ఆయన్ను చూసి పద్మావతి నాయన ఎత్తాడు. వచ్చిన చుట్టాలూ ఎత్తారు. అబద్ధం నిలబెట్టాలి గనక మా నాయన కూడా ఎత్తాడు. పూర్ణం మీసాలకు పోయింది, నెయ్యి మోచేతుల దాకా కారింది. ఒకాయన ఉగ్గాని నోటికని బయలుదేరి చెవి దగ్గర తేలింది.

అవ్వ లేచి వచ్చింది. బల్ల చుట్టూ నెమ్మదిగా నడిచి నా దగ్గర ఆగింది.

"అందరి ఒళ్లోనూ బొరుగులు రాలినాయి. నీ ఒళ్లో ఒగటి గూడా ల్యా. ఏం నాయనా, ఇది దొరల కాడ నేర్చినావా, మీయమ్మ కడుపులో నేర్చినావా?"

మా నాయన ఏదో అనబోయాడు. నాకిక అబద్ధమాడే ఓపిక లేకపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

"అమ్మ కడుపులోనే, అవ్వా," అన్నాను.

అందరూ ఒక్కసారిగా ఎడమచేతులు దించేశారు. తుగ్గలి పిల్లవాడు పీటల మీద కూచోవడం నాకు కళ్లకు కట్టింది.

"తినేదానికేమి, దేవుడిచ్చిన చెయ్యే," అంది అవ్వ. "నా దిగులు అది గాదు. పెండ్లిలో పిల్ల నీ ఎడమ పక్కన కూసుంటాది. ఒగే విస్తట్లో బువ్వం తినల్ల. నువ్వు ఎడమచెయ్యి ఎత్తుతావు, అది కుడిచెయ్యి ఎత్తుతాది. ఇద్దరి మోచేతులూ తగులుకుంటానే ఉంటాయి గదప్పా! జన్మంతా ఎట్ల వేగుతాది?"

తలుపు చాటు నుంచి, నేతి గిన్నె కింద పెట్టిన చప్పుడు తర్వాత, ఒక సన్నని గొంతు వినిపించింది.

"తగిలితే తగల్నీలే, అవ్వా."

ఆ మాటతో తుగ్గలి సంబంధం తుగ్గలిలోనే ఉండిపోయింది.

ఆనాడే సూర్యచంద్రుల సాక్షిగా, తినకుండా మిగిలిన ఓళిగల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ దేహంలో ప్రాణముండగా నలుగురిలో ఎడమచేత్తో ముద్ద ఎత్తను, ముళ్ల చెంచా ముట్టను. ఈనాటి వరకూ మాట తప్పలేదు. అయితే ఇంట్లో పద్మావతి నా ఎడమ పక్కన కూచున్నప్పుడు ఈ ప్రతిజ్ఞ చెల్లదు. ఆమె ఎప్పుడూ అటువైపే కూచుంటుంది.