ఇంత కలి

గౌరవ్వ నోరు తెరిచిందంటే కోరుట్లలో ఆ వాడంతా హడల్! అంత నోరున్న మనిషికీ ఒక్క మాటంటే ఒళ్లు మంట. కలి. బియ్యం కడుగు, గంజి కుండలో పులిస్తే అయ్యే కలే. చిన్నప్పుడు వాళ్లకు గుంటెడు భూమి లేదు. ముంత పట్టుకుని పెద్దిళ్ల ముందు నిలబడి “ఇంత కలి పొయ్యవ్వా” అని అడిగేది. ముంత తగలకుండా ఎత్తు నుంచి పోసేవాళ్లు.

అందుకే మనుమరాలు మానస పుట్టినప్పుడు గౌరవ్వ ఒట్టు పెట్టుకుంది, నా బంగారం కలి మొహం చూడొద్దని. కొడుకు సిరిసిల్లలో మగ్గాల మీద, కోడలు బీడీల చాట ముందు. పిల్లను పెంచింది తనే. పాలపొడి, బిస్కెట్లు, రంగు రంగుల కూల్‌డ్రింకులు! మట్టిలో కాలు పెట్టనిస్తే ఒట్టు. తుమ్మితే చాలు, సూది. “సూదెయ్యకుంటే నువ్వేం డాక్టర్‌వయ్యా?” అని వాడలోని ఆర్‌ఎంపీతో కొట్లాడేది. పక్కింటి ఐలవ్వ కలికుండ చూసి “నీ ఇల్లంత కంపేనే” అని వెక్కిరించేది. ప్రేమ ఎంతో, మొండితనం అంత.

మూడేళ్లకు పిల్ల పుల్లలా అయింది. తిన్నది ఒంటికి పట్టదు, ఎప్పుడూ విరేచనాలే. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. ఆటోలో జగిత్యాల తీసుకెళ్లింది.

“అవ్వా, కడుపుల మనకు మేలు జేసే పురుగులుంటయి, కంటికి కనవడయి,” అన్నాడు డాక్టరు. “గిన్ని మందులకు చెడ్డయాటితోని అవి గూడ సచ్చినయి. ఊకె సూదులియ్యకు. పెరుగు, పులిసిన కలితోని అంబలి కొద్దికొద్దిగ అలవాటు చెయ్యి. మట్టిల ఆడనియ్యి.”

“అంటే నా బిడ్డకు నేనే జేసిన్నా సారూ?”

“పావురంతోని జేసినవు తీ అవ్వా, ప్రేమ ఎక్కువై.”

తిరుగుదారిలో గౌరవ్వ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. కోరుట్ల పొలిమేరలో ఆటో ఆగింది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి సమ్మెవాళ్ల వంటావార్పు. పంతుళ్లు, వకీళ్లు బాసింపట్లు వేసుకుని కలి పోసి కాచిన అంబలి తాగుతున్నారు. కాచిపోస్తున్నది ఎవరో కాదు, ఐలవ్వే!

గౌరవ్వ పిల్లను చంకనేసుకుని దిగింది. వెనక్కి తిరిగిపోదామనుకుంది. పిల్ల సన్నటి చెయ్యి మెడ చుట్టూ తగిలింది. సంచిలోని గ్లాసు తీసి చాపింది.

“ఐలవ్వా... ఇంత కలి పొయ్యవే.”

ఐలవ్వ వెక్కిరించలేదు. ఎత్తు నుంచి పోయనూ లేదు. గ్లాసు అందుకుని సగం నింపి, ఊది చల్లార్చి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

“గింత దానికి గట్ల అడుగుతరానే పిచ్చిదానా? నా కలికుండ సగం నీకే వంచిస్త, ఇంట్ల వెట్టుకో.”

మానస మూతి వంకర పెట్టింది, గుటక వేసింది, పెదాలు నాకింది. ఖాళీ గ్లాసు ఐలవ్వ ముందుకు చాపి, బాపమ్మ అన్నట్టే అంది.

“ఇంత కలి పొయ్యవే!”

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. గౌరవ్వ కూడా నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.