అడ్డగీత పడ్డ బతుకమ్మ

మా ఇంటి వెనక తలుపు తీస్తే నాలా. చిన్నప్పుడు దాన్ని వాగు అనేవాళ్లం. వాగు నాలాగా ఎప్పుడు మారిందో నాకు గుర్తులేదు. నిద్రపోయి లేచేసరికి మారినట్టుంది. ఆ నీళ్లు కొంతదూరం పోయి ఝర్పట్ నదిలో కలుస్తాయి. దానికి ముందే మా గల్లీ చివర ఒక కల్వర్టు ఉంది. చంద్రపూర్‌లో ఏ ఇంట్లో పెళ్లయిందో, ఏ హోటల్లో గిరాకీ బాగుందో తెలియాలంటే అక్కడ నిలబడితే చాలు. థర్మకోల్ పళ్లేలు, నీళ్ల ప్యాకెట్లు, పాల కవర్లు, ఒంటి చెప్పులు అన్నీ వచ్చి ఆగుతాయి. జత చెప్పులు మాత్రం ఎప్పుడూ రావు. చాలాసార్లు ఆశగా చూశాను.

నేను చదివింది ఏడో తరగతి వరకు, అదీ మరాఠీలో. తెలుగు అక్షరాలు గోడమీది క్యాలెండర్ చూసి నేర్చుకున్నాను. అందుకే తిథులు, వర్జ్యాలు తప్పుల్లేకుండా రాస్తాను, మిగతావాటికి హామీ లేదు. చేసే పని ఫ్లెక్సులు కట్టడం. పుట్టినరోజు నాడు నాయకుల్ని కరెంటు స్తంభాలకు కట్టేసేది నేనే.

నాన్న బొగ్గుగని పనికి మంచిర్యాల దిక్కు నుంచి వచ్చాడు. అమ్మది విరూర్. గల్లీలో సగం ఇళ్లు మావాళ్లవే కాబట్టి సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్లంతా నాలా ఒడ్డునే ఆడతారు. తంగేడు, గునుగు మా మేనమామ విరూర్ నుంచి రైల్లో పంపిస్తాడు. గల్లీలో అమ్మ పేర్చిందే పెద్ద బతుకమ్మ. దాని ఎత్తు విషయంలో ఆమెకు కొంచెం గర్వం ఉంది. మేం ఎవరం దాన్ని తగ్గించే ప్రయత్నం చేయలేదు.

ఇది మొదలైంది పోయిన ఏడాదికి ముందటేడు బతుకమ్మ నాడు. ఆట అయిపోయింది, పసుపు గౌరమ్మను తీసి పక్కన పెట్టుకున్నారు. నేను బతుకమ్మను ఎత్తుకుని కిందికి దిగి నీళ్లలో వదిలాను. వదిలాననే అనుకున్నాను. నీళ్లు కనబడితే కదా. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా థర్మకోల్ పళ్లేలు పరుపు పరిచినట్టు ఉన్నాయి. మిగతావాళ్ల చిన్న బతుకమ్మలు సందుల్లోంచి జారిపోయాయి. అమ్మది వెడల్పు కదా, పళ్లేల మీద కూర్చుంది.

"అత్తమ్మా, మంచిగ పీట ఏసి కూసోవెట్టిండ్రు చూడు," అంది నా భార్య. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

వెదురుగడ తీసుకుని తోయబోతే చేయి పట్టుకుంది. "పూజ చేసిన బతుకమ్మను కట్టెతోని పొడుస్తవారా?"

పొద్దున్నే వెనక తలుపు తీసింది. బతుకమ్మ అక్కడే ఉంది, మంచు పడి కొంచెం తాజాగా కూడా కనిపించింది.

"సాగనంపిన ఆడివిల్ల తెల్లారి లేచి చూస్తే గడపలనే కూసున్నట్టుంది," అంది అమ్మ.

"బస్సు దొరకలేదేమోనే."

"నీ నోట్ల మన్నువడ. పోయి మన వార్డు మెంబరుకు చెప్పిరా. గిట్లుంటే మల్లొచ్చే ఏడు నేను పేర్చ."

ఆ మాట మామూలుగానే అంది, పొయ్యిమీద పాలు చూసుకుంటూ. అలా మామూలుగా అన్న మాటలే అమ్మ నిలబెట్టుకుంటుంది. అరిచి చెప్పినవాటిని సాయంత్రానికి మరచిపోతుంది. నాన్న పోయాక ఆమె ఏడాదంతా ఎదురుచూసే పని అదొక్కటే. నాకు కొంచెం భయం వేసింది.

వార్డు మెంబరు మంచివాడు. ఆయన్ను నేను ఎన్నో స్తంభాలకు కట్టాను. మేం మాట్లాడుకున్నది మరాఠీలో, మన భాషలో చెప్తున్నాను. భావు అంటే అన్న.

"భావు, ఆ నాలా మా కిందికి రాదు," అన్నాడు.

నీళ్లు ఒక ఆఫీసువట. వాటి మీద తేలే చెత్త ఇంకో ఆఫీసుదట. కల్వర్టు రోడ్డువాళ్లదట.

"మరి వాసన?" అన్నాను.

"వాసన ఏంది?"

"అది ఎవరి కిందికి వస్తదో చెప్తే, వాళ్లకే ఇచ్చేసి వస్త."

ఆయన నవ్వి, చాయ్ పోయించి, "ఒక ఫొటో తీసి పంపు, మీదికి పంపిస్త," అన్నాడు.

తీశాను. నాలా, చెత్త, మధ్యలో బతుకమ్మ, అన్నీ పడేలా ఒడ్డు చివర నిలబడి మంచిగా తీశాను. ఫ్లెక్సుల పనివాణ్ని, ఫొటో ఎలా ఉండాలో నాకు తెలుసు. ఫోన్లో పంపితే ఆయన దాని కింద నమస్కారం బొమ్మ పెట్టాడు. బతుకమ్మ దసరా చూసింది, దీపావళి చూసింది, ఎండి గోధుమరంగుకు వచ్చింది. ఒక కొంగ దానిమీద నిలబడటం అలవాటు చేసుకుంది. అకాలంగా ఒక వాన పడి ఎప్పుడు విరిగిపోయిందో మేం చూడలేదు. అమ్మ అప్పటికే వెనక తలుపు తీయడం మానేసింది.

చలికాలంలో ఒకరోజు మా షాపు సేఠ్ పిలిచాడు. "సర్కారు ఆఫీసు పని వచ్చింది. మీ గల్లీ నాలా దగ్గరనే కట్టాలె."

ఫ్లెక్సు చుట్ట విప్పి చూస్తే నేను తీసిన ఫొటోనే. పైన మరాఠీలో 'నది మన తల్లి' అని ఉంది. కింద 'పూజ చేసిన పూలు నీళ్లలో వేయకండి'. మధ్యలో మా బతుకమ్మ, దానిమీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రటి అడ్డగీత. నీళ్లలో చెత్త వేయొద్దనే మాటను ఇంత పెద్ద ప్లాస్టిక్ మీద అచ్చువేయించారు.

కట్టనంటే వేరేవాడు వంకరగా కడతాడు. కర్ర ఫ్రేముకు బిగించి, ఒడ్డున నిటారుగా నిలబెట్టాను. నా చేతి పని కాబట్టి బాగా కనిపించింది, అదే వచ్చిన బాధ. సాయంత్రానికి అమ్మ వచ్చి ముందు నిలబడింది. ఆమెకు మరాఠీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.

"ఏం రాసిండ్రురా?"

"నది మన తల్లి అని రాసిండ్రు."

"మంచిగ రాసిండ్రు. కింద?"

"కింద గదే... నీ బతుకమ్మ ఫొటో."

"అది నాకు కనవడుతుంది. దాని మీద?"

వదులు కాని తాడును ఇంకోసారి బిగించాను.

"నాకు అచ్చరాలు రావు గని, గీత తెలుస్తదిరా," అంది అమ్మ. ఇంకాసేపు చూసి, "కిందున్న పళ్లేలన్ని ఇడిసివెట్టి, మీద కూసున్నదాన్ని పట్టుకున్నరు," అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

బోర్డు నిలబడింది. చెత్త కూడా నిలబడింది. రెండూ ఒకదానికొకటి అలవాటుపడ్డాయి. నేను ఆ ఆఫీసుకు వెళ్లి చెత్త సంగతి అడిగితే, అక్కడి గుమాస్తా ఓపిగ్గా, "బోర్డు పెట్టించినం కదా," అన్నాడు. పెట్టించిన మాట నిజమే, పెట్టింది నేనే.

మళ్లీ వానాకాలం వచ్చి పోయింది. గాలికి బోర్డు ఒకవైపు ఒరిగింది. సద్దులకు ముందు రోజు విరూర్ నుంచి పూలు వచ్చాయి. అమ్మ వాటిని తడిగుడ్డలో చుట్టి మూలకు పెట్టింది, బతుకమ్మ పేర్చే తాంబాళం మాత్రం దించలేదు.

"అత్తమ్మా, పూలు వాడుతయి," అంది నా భార్య.

"వాడనీ. పంపెటందుకు తొవ్వ లేనప్పుడు పిలుచుడెందుకు?"

మర్నాడు పొద్దున నేను తాళ్లు తీసుకుని ఒరిగిన బోర్డు దగ్గరికి వెళ్లాను. ఊడదీసి, బతుకమ్మ ఆడే చోటుకు కొంచెం ఎగువన నాలాకు అడ్డంగా దించి, ఒక కొన తుమ్మచెట్టుకు, ఇంకో కొన ఇనుప స్తంభానికి కట్టాను. సగం నీళ్లలో, సగం పైన. పైనుంచి వచ్చే పళ్లేలు దానికి తగిలి ఆగిపోయాయి, నీళ్లు కింద నుంచి వచ్చాయి. ఇన్ని నెలలు నిలబడి చేయని పని పక్కకు పడుకుని చేసింది. కొందరు సర్కారు ఉద్యోగులకు కూడా ఈ ఉపాయం చెప్పాలనుకున్నాను.

కిందివైపు మిగిలిన చెత్తను గల్లీవాళ్లం గంపలతో ఎత్తి ఒడ్డున పోశాం. మధ్యాహ్నానికి నీళ్లు కనబడ్డాయి. నల్లటి నీళ్లే, కానీ కదులుతున్నాయి.

అమ్మ వెనక తలుపు తీసి చాలాసేపు చూసింది. బోర్డు మీది బతుకమ్మ సగం నీళ్లలో మునిగి ఉంది, అడ్డగీత పైసగమే మిగిలింది. లోపలికి పోయింది, తాంబాళం దించిన చప్పుడు వినబడింది.

"గునుగు కాడలు కత్తిరిద్దువు రా," అని నా భార్యను పిలిచింది.

ఆ ఏడాది బతుకమ్మ కొంచెం పొట్టిది, పూలు సగం వాడాయి కదా. చీకటి పడుతుంటే వదిలాను. మొదట అక్కడే ఒక చుట్టు తిరిగింది. తర్వాత మెల్లగా కల్వర్టు కిందికి పోయింది. కల్వర్టు అవతల ఏం ఉందో మేం చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు.

తెల్లారి వార్డు మెంబరు ఫోన్ చేశాడు. "భావు, బోర్డు ఏమైంది? ఒడ్డున ఆ కుప్ప ఎవరిది? ఒక ఫొటో తీసి పంపు."

అమ్మ అప్పుడే వెనక తలుపు దగ్గర నిలబడి ఖాళీ నీళ్లను చూస్తూ పండ్లు తోముకుంటోంది.

"ఫొటో తీసుడు కాదు భావు," అన్నాను, నీళ్లలో సగం మునిగిన మొదటి ఫొటోను చూస్తూ. "ఫోన్ల కెమెరా పోయింది."